మా లారీకి గాలికుంటు

పోయిన నెల ఒక ఐతారం నాకు జరిగిన సన్మానం సంగతి మీరు ఇనే ఉంటరు. సేటు నాకు శాలువ కప్పిండు, నన్ను మేస్త్రి అన్నడు, గిర్నిల హమాలీలంత చప్పట్లు కొట్టిన్రు. గాని ఆ శాలువ ఇప్పుడు ఎవరి మీద ఉందో మీకు తెల్వదు. చెప్తే నవ్వుతరు. నవ్వుండ్రి, ఫికర్ లేదు. ముందుగాల చాయ్ చెప్పుండ్రి, నా దాంట్ల జర చక్కెర ఎక్కువ ఏయమనుండ్రి. ఇది పొడుగు కథ.

నేను నడిపే లారీ మీరు చూసిందే. పచ్చ ముక్కుది, నల్గొండల బియ్యం గిర్ని సేటుది. మా ఇంట్ల తాత ముత్తాతల కాంచి అందరు గొర్ల ఎనుక నడిచినోళ్లే. మా బాపు ఇప్పటికీ నడుస్తనే ఉన్నడు. మా ఖాన్‌దాన్‌ల కూసోని పోయేటోన్ని నేనొక్కన్నే. అందుకే ఆ బండంటె నాకు పానం. గడ్డి తినది, అలిసిపోయిన అని కూలబడది, ఇంటెడు బస్తాలు నెత్తిన పెట్టుకొని గుట్ట ఎక్కుతది. పొద్దుగాల ఇంజన్ మొదలుకాంగనె నేను బానెట్ మీద ఒకపారి చెయ్యి పెడ్త. వెచ్చగ, సన్నగ అదురుకుంట ఉంటది. ఇన్నేండ్లాయె, రోజూ గట్లనే చూస్త, రోజూ నాకు వింతనే.

నందికొండ కాడ డ్యాము కడుతున్రు గదా, ఆడి కూలీలకు మా సేటు గిర్ని నుంచి బియ్యం పోతది. ఆ బియ్యం మోసేది మా బండే. నేను, క్లీనర్ సత్తెన్న. సత్తెన్న క్లీనరే గాని వయసుల నాకన్న పెద్దోడు, తక్కువ మాట్లాడుతడు, బీడీ ఎక్కువ తాగుతడు. బస్తాలు దించి వచ్చేటప్పుడు పొద్దు గూకితే బండిని మా ఊర్లనే ఆపుకుంటం, ఎందుకంటె మా ఊరు ఆ తొవ్వలనే ఉన్నది. లారీ వచ్చిందంటె పిల్లలు, ముసలోళ్లు, అందరు వచ్చి చుట్టు నిలబడి చూస్తరు. అంతమంది చూసే బండి దుమ్ము కొట్టుకొని ఉంటే నాకు ఇజ్జత్ ఉంటదా?

అందుకని ఊర్లె ఆపినప్పుడల్ల బండిని వాగుల కడుగుడు మొదలుపెట్టిన. మా వాగు ఒడ్డు పొడుగునా చౌడు నేల, ఎండకు తెల్లగ ఉప్పు పూస్తది. చాకలోళ్లు ఆ మన్ను తీసుకపోయి బట్టలు ఉతుకుతరు. బట్టలకు పనికొచ్చిన మన్ను బండికి పనికిరాదా అని నేను ఆ చౌడు బురదనే చక్రాలకు దట్టంగ పట్టించి, కొబ్బరి పీచుతోని తోమి, నీళ్లు కొట్టేటోన్ని. బైటి మొఖం అద్దం లెక్క మెరిసేది. లోపటి దిక్కు నేను చూడలె. మొఖం కడుక్కున్నోడు చెవుల ఎనుక చూసుకుంటడా?

ఇగ వణుకు ఎట్ల మొదలైందో ఇనుండ్రి. ఒకరోజు పొద్దుగాల ఊర్లెకెళ్లి బయలెల్లినం. రోడ్డు సాఫ్‌గుంది, బండి ఖాళీగ ఉంది, నేను మంచి ఖుషీల ఉన్న. స్పీడు ముల్లు ముప్పై దాటిందో లేదో, స్టీరింగ్ నా చేతులల్ల గిలగిల కొట్టుకున్నది. పట్టుకున్న కోడి ఇడిపించుకోనీకె కొట్టుకున్నట్టు. సత్తెన్న నోట్లె బీడీ ఊడి ఒళ్లె పడ్డది, ధోతి కాలింది. నేను బండిని నెమ్మది చేసిన, వణుకు పోయింది. మల్ల ముప్పై దాటిచ్చిన, మల్ల వచ్చింది. సత్తెన్న ధోతి దులుపుకొని ఇంకో బీడీ తీసిండు గాని ముట్టియ్యలె.

స్టీరింగ్ మీద అరచెయ్యి పెట్టి బండి జబ్బు చెప్తడని నాకు నల్గొండల పేరున్నది గదా. ఆ పేరు పెట్టింది కూడ నేనే అనుకోండ్రి. గాని ఉత్త గప్పాలు కావు, నాకు కొంత తెలుసు. సీటు కింద వణికితే జబ్బు ఎనుక చక్రాలది. చేతులల్ల వణికితే ముందటి చక్రాలది. బిరేకు తొక్కినప్పుడే వణికితే డ్రమ్ముల తేడా. నేను బిరేకు తొక్కి చూసిన, తొక్కకుంట చూసిన. ఖాళీగ చూసిన, బస్తాలతోని చూసిన. ఎట్ల చూసినా స్టీరింగే వణికింది, అదీ స్పీడు మీదనే. కండ్లు మూసుకొని, అంటే బండి ఆపినంకనే, బాగ ఆలోచించి టైరాడు అని తేల్చిన. రెండు ముందటి చక్రాలను కలిపి పట్టే ఇనుప కడ్డీ ఉంటది గదా, దాని కొసల కీలు అరిగినయ్ అన్నమాట. సత్తెన్నకు చెప్పిన. ఆయన ధోతికి పడ్డ బొక్క చూసుకుంట సరే అన్నడు.

నల్గొండల గుట్ట కింద రేకుల షెడ్డుల ఖాసిం మేస్త్రి ఉంటడు గదా, బండిని ఆయన కాడికి తీసుకపోయిన. ఆయన పని చేస్తుంటే చూడాలె మీరు. ఇంజన్‌కు స్క్రూడ్రైవర్ ఆనించి, దాని పిడి చెవుల పెట్టుకొని, లోపట ఏ పల్లు అరిగిందో చెప్తడు. జాకీ పెట్టి చక్రం లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపి చూస్తడు. అట్ల ఊగితే చక్రాన్ని పక్కలకు తిరగనిచ్చే కింగ్‌పిన్ను గాని బేరింగు గాని పోయినట్టు. పక్కలకు పట్టి ఊపితే ఊగిందంటె టైరాడు పోయినట్టు. ఆయన చేతులు చూసుకుంట నేను బువ్వ తినుడు కూడ మర్సిపోత. ఆయనకు ఇంకో అలవాటుంది, ఏ పనికైన ముందు చక్రాలు ఊడదీసి, లోపట బైట గీకి, కిరసనాయిలుతోని కడుగుతడు. మురికి బండి మీద చెయ్యి పెట్టడు.

ఆ రోజు కూడ గట్లనే కడిగిండు, ఊపిండు, టైరాడు కొస జర ఊగుతుందన్నడు. నేను సత్తెన్న దిక్కు చూసిన, చెప్పలేదా అన్నట్టు. కొత్త కొసలు ఏసిండు. బండిని ముప్పై దాటిచ్చి, నలభై దాకా తీసుకపోయినం. వణుకు లేదు. నాకు మేస్త్రి మీద ఎంత గౌరవం వచ్చిందంటె, ఆయన నూనె చెయ్యి పట్టుకొని కండ్లకు అద్దుకున్న. నా అరచేతి మీద గౌరవం కూడ అంతే వచ్చింది.

ఆ సంబురంల మా ఊరికి పోయి, బండిని వాగుల దించి, చౌడు మన్నుతోని మంచిగ తోమిన. పొద్దుగాల బయలెల్లినం. ముప్పై దాటంగనె స్టీరింగ్ గిలగిల.

మల్ల మేస్త్రి కాడికి పోయిన. ఆయన నమ్మలె, నన్ను నడపమని పక్కన కూసున్నడు, నమ్మిండు. మల్ల చక్రాలు ఊడదీసి, గీకి, కడిగి, ఈసారి కింగ్‌పిన్నులు మార్చిండు. మల్ల మంచిగైంది. నేను మల్ల ఊరికి పోయి, ఖుషీతోని మల్ల తోమిన. పొద్దుగాల మల్ల వణుకు. మూడోపారి పోతే బండి బరువు మోసే కమాన్ పట్టీలు ఇప్పి బిగించిండు, స్టీరింగ్ డబ్బా తెరిచి చూసిండు, షెడ్డుల ఉన్నన్ని నట్లు ఇప్పే పానాలు బైట పడ్డయ్. ఆయన కాడ ఉన్నంతసేపు బండి గుడిల దేవుడి లెక్క కదలకుంట ఉంటది. మా ఊర్లె ఒక రాత్రి పండిందంటె పొద్దుగాల పూనకం వచ్చినట్టు ఊగుతది. ఊరోళ్లు దిష్టి అన్నరు. నేను నిమ్మకాయలు కట్టిన. నిమ్మకాయలు కూడ వణికినయ్.

నాలుగోపారి పోయినప్పుడు ఖాసిం మేస్త్రి బండి దిక్కు చూడలె. నా చేతుల దిక్కు చూసిండు.

"యాదగిరీ, ఇనుము అబద్ధం చెప్పదు బేటా" అన్నడు. "నా కాడ మంచిగుంటది, నీ కాడ వణుకుతది. అంటే వణుకు బండిది కాదు, నీ చేతులది. జర దవాఖానకు పో."

నేను నిజంగనే పోయిన. డాక్టరు సాబు చేతులు చాపమని, వాటి మీద కాయితం పెట్టి చూసిండు. కాయితం కదలలె. రోజుకు ఎన్ని చాయ్‌లు తాగుతవని అడిగిండు. నేను చెప్పంగనె ఆయన చెయ్యే జర వణికింది. ఇంకేం జబ్బు దొరకలె.

ఈ లొల్లి సేటు చెవుల పడ్డది. సేటు మంచోడే, గాని బండి అంటె ఆయనకు బండే, నాకున్న పావురం, ప్రేమ ఆయనకు లేదు. ఒకరోజు డ్యాము కాడ ఏదో పని ఉండి మా ఎంబడి వచ్చిండు. ఆ రోజు కూడ మా ఊర్లెనే పండి పొద్దుగాల బయలెల్లినం. సేటు తెల్లటి మల్లెపువ్వు లాంటి అంగీ ఏసుకొని, ఒళ్లె చెంబెడు మజ్జిగ పెట్టుకొని కూసున్నడు. ముప్పై దాటింది. మజ్జిగంత అంగీ మీద, ధోతి మీద, మెడల కండువ మీద పడ్డది. కరివేపాకు రెమ్మ ఒకటి మీసాలకు అంటుకున్నది. సత్తెన్న అటు మొఖం తిప్పుకున్నడు, భుజాలు మాత్రం ఊగుతున్నయ్. అది బండి వణుకు కాదని నాకు తెలుసు.

సేటు కోపం చెయ్యలె, అదే నాకు భయమైంది. మీసం తుడుసుకొని నెమ్మదిగ చెప్పిండు.

"వచ్చే ఐతారం మల్ల గిట్లనే చెంబు పట్టుకొని కూసుంట. చుక్క ఒలికినా సరే, పట్నంల కొంటనని అడిగినోనికి బండి ఇచ్చేస్త. ఇగ నువ్వు నీ బాపు ఎంబడి గొర్ల కాడికి పో."

గొర్ల కాడికి పోవుడు నాకు నామోషీ కాదు, ఆ పని నాకు ఒస్తది. గాని పొద్దుగాల ఆ వెచ్చటి బానెట్ మీద ఇంకెవడో చెయ్యి పెడ్తడనుకుంటె గుండెల కలుక్కుమన్నది. తర్వాతి ట్రిప్పుల డ్యాము కాడ బస్తాలు దించుతున్నంతసేపు ఒక పక్కకు నిలబడి చూసిన. నదికి అడ్డంగ గోడ లేస్తాంది. వేల మంది, ఒక్కొక్కలు నెత్తి మీద ఒక తట్ట, తట్టల ఇంత రాయి, ఇంత సున్నం. ఆ తట్టలతోనే కృష్ణను ఆపుతున్రు. గంత పెద్ద పని చేస్తున్రు మనుషులు, నేను ఒక్క బండి వణుకు ఆపలేకపోతినే అనిపిచ్చింది. ఏడుపొచ్చింది, దాచుకోను.

ఇగ ఇప్పుడు చెప్పేదే అసలు తెలివి. ఆ రోజు మా ఊర్లె బండి ఆపి, ముందటి చక్రం నడిమిట్ల చెయ్యి పెట్టి చూస్తె కాలుతాంది. దూరం నడిచిన బండికి ఆడ వెచ్చగనే ఉంటది, అది నాకు తెల్వనిది కాదు. గాని దిగులుపడ్డ మనిషికి తెలిసింది కూడ గుర్తుండదు. నాకు గుర్తొచ్చింది గాలికుంటు. మీ ఇండ్లల్ల పశువులుంటె మీకు తెలుసు, ఆ జబ్బొస్తె గిట్టల సందుల పుండ్లు పడి, కాళ్లు కాలి, జీవాలు నిలబడలేక వణుకుతయ్. మా బాపు వాటిని తోలుకపోయి వాగు బురదల నిలబెడ్తడు. చల్లటి బురద మంట గుంజుకుంటదని మా ఇంట్ల నమ్మకం. కాళ్లు కాలుతున్నయ్, వణుకుతాంది, ఇంకేం కావాలె? బండికి గాలికుంటు వచ్చిందని నేను తేల్చేసిన.

బాపుకు చెప్పిన. ఆయన గొంగడి సర్దుకొని, "దానికి గిట్టలు యాడియిరా" అన్నడు. చక్రాలే దాని గిట్టలు అన్న. ఆయన ఒక నిమిషం ఆలోచించి, నీ బండి నీ ఇష్టమని గొర్ల కాడికి పోయిండు.

అప్పటిసంది ఐతారం ముందటిదాక రోజూ పొద్దుమూకినంక ముందటి చక్రాలను రిమ్ములు మునిగేదాక చౌడు బురదల దించి, తెల్లారేదాక అట్లనే ఉంచిన. మీద మల్ల నేనే రెండు చేతులతోని బురద తీసి లోపటికి పట్టిచ్చిన, గిట్టల సందుల మందు పెట్టినట్టు. ఎంత ప్రేమతోని పట్టిచ్చిననో మీకు చెప్పలేను. పొద్దుగాల తీస్తె బండి ఏం చేసిందనుకుంటున్రు? ముప్పై దాకా కూడ ఆగలె, ఇరవై ఐదుకే అందుకున్నది. అద్దం ఊడి పడ్డది. హారన్ దానంతట అదే మోగింది. ఎదురొచ్చిన ఎడ్లబండాయన తొవ్వ ఇడిచి చెల్కలకు దిగి, మేం పోయేదాక నిలబడి దండం పెట్టిండు. జబ్బు ముదిరిందనుకొని నేను రాత్రికి ఇంకింత బురద పట్టిచ్చిన.

శనివారం ఆశ ఇడిచిపెట్టిన. బండిని వాగులకెళ్లి తీసి ఒడ్డు మీద పెట్టి, నేను పోయి దూరంగ తుమ్మ చెట్టు కింద కూసున్న. మిట్టమధ్యాహ్నం బాపు మందను నీళ్లకు తోలుకొచ్చిండు. ఎండకు తాళలేక గొర్లన్ని పోయి లారీ కింద దూరినయ్. వైర్లు కొరుకుతయేమో అని నేను లేచి అదిలియ్యబోయిన. బాపు, ఎండ మండిపోతాంది, జర సేపు నీడకు ఉండనియ్యిరా అన్నడు. ఎట్లాగు పోయే బండే గదా అని ఊరుకున్న. అట్లనే నిద్ర పట్టింది.

ఐతారం సేటు మా ఊరికి వచ్చిండు. ఈసారి అంగీ మార్చుకొని వచ్చిండు, నల్లది. చెంబు నిండుగ మజ్జిగ. సత్తెన్న బీడీ ముట్టియ్యకుంటనే నోట్లె పెట్టుకున్నడు. నేను బానెట్ మీద చెయ్యి పెట్టి, ఇదే ఆఖరు అనుకొని ఎక్కిన. ఇరవై. ఇరవై ఐదు. ముప్పైకి దగ్గరికొచ్చినంక నేను పండ్లు బిగబట్టి స్టీరింగ్‌ను పానం పోతున్నట్టు పట్టుకున్న. ముప్పై దాటింది. ముప్పై ఐదు. ఏం లేదు.

ఏం లేదంటె ఏం లేదు. నేను మెల్లగ పట్టు వదిలిన. స్టీరింగ్ నా వేళ్ల కింద పడుకున్న పిల్లి లెక్క ఉన్నది. నలభై దాకా పోయిన. చెంబుల మజ్జిగ మీద చిన్న అల కూడ లేదు.  సత్తెన్న నోట్లె బీడీ ముట్టిచ్చుకున్నడు. నా ఎదురుంగనే ఏదో మహిమ జరిగింది, అదేందో నాకు తెల్వదు. గుడిల కూడ నేను గంత భక్తితోని కూసోలె.

సేటు మజ్జిగ తాగి, ఖాళీ చెంబు పక్కన పెట్టి, ఏం చేసినవ్ర అని అడిగిండు. నాకు తెల్వదని చెప్తే ఐపోయేది. గాని నా నోరు మీకు తెలుసు గదా. అరచేతితోని పట్టిన సేటు అన్న. స్టీరింగ్ డబ్బాల సన్న జబ్బు ఉండె, వేరేటోళ్లకు అందది అన్న. చెప్పుకుంట పోతుంటె నాకే నమ్మకమైంది. గిర్నికి పోయినంక సేటు హమాలీలందరిని పిలిచి, లోపటికెళ్లి ఉన్ని శాలువ తెచ్చి నాకు కప్పి, ఇయ్యాల్టి సంది వీడు డ్రైవర్ కాదు, మేస్త్రి అన్నడు. మీరు ఇన్న సన్మానం అదే.

ఆ మాట గుట్ట కింది షెడ్డుకు చేరకుంట ఉంటదా? తెల్లారి బస్సుల ఖాసిం మేస్త్రి మా ఊర్లె దిగిండు. నేను శాలువ కప్పుకొని ఎదురుపోయిన. ఎండల ఉన్ని శాలువ, చెమటలు కారుతున్నయ్, గాని ఆయన చూడాలె గదా. ఆయన కండ్లల్ల ఎక్కిరింపు లేదు. ఉస్తాద్ అన్నడు నన్ను.

"నేను మూడుసార్లు తెరిచిన, నాకు అందలె" అన్నడు. "నీకు అందింది. నాకు జర చూపియ్యి, నేర్చుకుంట."

గంత పెద్ద మనిషి గట్ల అడుగుతుంటె ఆ శాలువ నాకు ఇంకింత ఉడికిచ్చింది. సరే, ముందుగాల బండి ఎట్ల నడుస్తుందో చూడుండ్రి అని ఎక్కిచ్చుకున్న. మీకు చెప్పుడు మర్సిన, అంతకు ముందటి రోజు గిర్ని నుంచి ఊరికొచ్చి, పొద్దుమూకినంక నేను సంబురంల బండిని వాగుల దించి, మంచిగ బురద పట్టిచ్చి తోమిన.

ముప్పై దాటింది. గిలగిల.

మేస్త్రి మొఖంల ఎంత ఖుషీ కనబడ్డదో. వణుకు వచ్చుడే మంచిదైంది, ఇప్పుడు నా ముంగటనే బాగుచెయ్యి అన్నడు. ఇగ నేను తప్పించుకునే తొవ్వ లేదు. బండిని వాగు ఒడ్డు మీద ఆపి, బానెట్ లేపి, లోపట అరచెయ్యి పెట్టి కండ్లు మూసుకున్న. కంటి సందులకెళ్లి చూస్తె, మేస్త్రి పక్కన నిలబడి నా చెయ్యి ఎటు పోతే అటు చూస్తున్నడు. నేను ఒక నట్టు ముట్టుకున్న. దాన్ని వదిలి ఇంకోటి ముట్టుకున్న. సత్తెన్న ఆకాశం దిక్కు చూస్తున్నడు, ఆడ ఏం లేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. నేను ఇంకా కండ్లు తెరవలె, తెరిస్తే ఏం చెప్పాలె?

అప్పుడు బాపు మంద వచ్చింది. ఎప్పటి లెక్కనే గొర్లు లారీ కింద దూరినయ్. కొంచెంసేపటికి మేస్త్రి తల పక్కకు వంచిండు. ఇంజన్ల పల్లు సప్పుడు పట్టే చెవి అది.

"గదేం సప్పుడు?" అన్నడు.

నాకేం ఇనబడలె. ఆయన వంగి, మోకాళ్ల మీద కూసొని, తల లోపటికి పెట్టిండు. నేను కూడ పెట్టిన. ముందటి చక్రం లోపటి దిక్కు, డ్రమ్ముకు రిమ్ముకు నడుమ సందు ఉంటది గదా, ఆడ మా చుక్క పొట్టేలు మూతి పెట్టి సర్రుసర్రున నాకుతాంది. రెండో చక్రం కాడ నాలుగు గొర్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నయ్. బాపు కట్టె మీద ఆనుకొని మా దిక్కు చూసి, గదేముంది, చౌడు నాకుతున్నయ్, ఉప్పంటె వాటికి పానం, శనివారం కూడ గిట్లనే రిమ్ములు సాఫ్ చేసినయ్, నువ్వు నిద్రపోయినవు అన్నడు.

నేను మేస్త్రి మొఖం చూడలె. ఆయన కూడ నా దిక్కు చూడలె. పొట్టేలును పక్కకు జరిపి, రిమ్ము లోపట చెయ్యి పెట్టి తడిమిండు. ఒక దిక్కు నున్నగ ఉంది. ఇంకో దిక్కు మన్ను ఎండి ఇటుక లెక్క గట్టిపడి ఉంది. ఆయన జాకీ పెట్టి చక్రం లేపిండు, చేతితోని తిప్పి వదిలిండు. చక్రం తిరిగి తిరిగి, ఆగేముందు జర ఎనకకు వచ్చి, మన్ను ఉన్న దిక్కు కిందికి పెట్టుకొని ఆగింది. మల్ల తిప్పిండు. మల్ల అదే దిక్కు కిందికి వచ్చింది. నేను తిప్పిన. మల్ల అంతే. అప్పుడు ఆయన గోటితోని ఆ మన్ను పెచ్చు ఊడదీసిండు. సగం జొన్నరొట్టె అంత ఉంటది. ఊడదీసి తిప్పితె చక్రం యాడ పడితె ఆడ ఆగింది, ఏ దిక్కును కోరుకోలె.

ఆ పెచ్చును అరచేతిల పెట్టుకొని మేస్త్రి ఎగరేసి బరువు చూసిండు.

"గింత మన్ను" అన్నడు, "గంత బండిని ఊపింది."

ఇద్దరం పిల్లల లెక్క ఆ పెచ్చును తడిపి మల్ల అతికిచ్చి తిప్పినం, మల్ల తీసి తిప్పినం. నాకు నవ్వు కూడ రాలె. ఇంటెడు బస్తాలు మోసే బండి, పిడికెడు మన్నుకు ఓడిపోయింది. తడి మన్ను రాత్రంత కిందికి జారి ఒక్క దిక్కే గట్టిపడ్డది. నెమ్మదిగ పోతే ఆ మన్ను ఏం చెయ్యది, స్పీడు అందుకున్నంకనే దానికి బలం వస్తది. ఇన్నేండ్లు చక్రం మీద బతికిన, చక్రంల గిసొంటి సంగతి దాక్కున్నదని నాకు తెల్వకపాయె. ఖాసిం మేస్త్రి ఇంకొకటి గుర్తు చేసుకొని నెత్తి కొట్టుకున్నడు. ఆయన కిరసనాయిలుతోని కడిగినప్పుడల్ల బండి బాగైంది. కడిగిన సంగతి ఇద్దరం మర్సి, మార్చిన సామాన్లకు దండం పెట్టినం.

అప్పుడు ఆయన లేచి నా భుజాల మీది శాలువ తీసిండు. దులిపిండు. వంగి ఆ చుక్క పొట్టేలు మీద కప్పిండు. సత్తెన్న ఒక్కడే చప్పట్లు కొట్టిండు. పొట్టేలు మెడ తిప్పి, శాలువ కొసను ఒకపారి నాకి చూసింది. ఉప్పు లేదు. మొఖం తిప్పుకొని మల్ల చక్రం కాడికి పోయింది.

ఇప్పుడు నల్గొండల ఏ బండి వణికినా ఖాసిం మేస్త్రి ముందుగాల అడిగేది ఒక్కటే, గొర్లకు చూపెట్టినవా అని. ఎవ్వరికి అర్థం కాదు, మీకు తప్ప. సేటుకు ఇంకా తెల్వదు, మీరు చెప్పకుండ్రి. గిర్నికి పోయినప్పుడల్ల నలుగురిల యాదగిరి మేస్త్రీ అని పిలుస్తడు. బండి ఇప్పుడు ఎంత స్పీడు పోయినా వణకదు అన్నా. ఆ పిలుపు ఇన్నప్పుడు నేనే వణుకుత.